ఊరికే ఇచ్చే బాణాలు

మైలారుడి బాణం గడ్డిబొమ్మ రొమ్ము మీది ఎర్రచుక్కకు తగిలి, దబ్బుమని నేల మీద పడింది. ఎప్పటిలాగే అతను విల్లు భుజాన తగిలించుకుని దాన్ని ఏరుకోవడానికి వెళ్ళాడు. వంగి బాణం తీసుకుని, అంటుకున్న మట్టి దులిపి, లేస్తూ లేస్తూ బొమ్మ మొహం వైపు చూశాడు. చూసినవాడు చూసినట్టే నిలబడిపోయాడు.

బొమ్మ చెవికి పోగు ఉంది.

రాగి తీగెను మెలితిప్పి, చివర పచ్చరాయి పొదిగిన పోగు అది. అలాంటి పోగు శంఖపురి మొత్తంలో ఒక్కడి చెవికే ఉండేది. గంటలు పోతపోసే కంచరి వీరభద్రోజు స్వయంగా చేసుకుని, "రాజుగారు అడిగినా ఇవ్వను పొమ్మంటాను" అని ఊరంతా చూపించుకు తిరిగిన పోగు. ఆ వీరభద్రోజు కనబడకుండా పోయి నెల దాటింది. ఏ తీర్థానికో వెళ్ళి ఉంటాడని ఇంటివాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఎవరో సరదాకి పెట్టి ఉంటార్లే అనుకున్నాడు మైలారుడు, పాపం. అంతలో ఆ గడ్డి రొమ్ము మెల్లగా పైకి లేచింది. మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ లేచింది. గాలి లేదు, చెట్ల ఆకులు కదలడం లేదు. బొమ్మ ఊపిరి పీలుస్తోంది! మైలారుడికి అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా చల్లబడిపోయింది.

ఈ మనిషి ఆ పాడుకొండ మీద ఏం చేస్తున్నాడని మీరు నన్ను నిలదీయకముందే ఆ సంగతి కాస్త చెప్పేస్తాను. బొమ్మ ఎక్కడికీ పోదు లెండి.

శంఖపురి రాజధాని పేరుకు తగ్గట్టు శంఖంలాగే మెలికలు తిరుగుతూ పైకి పోయే నగరం. వీధి వీధికీ పాలరాతి తోరణాలు, తోరణాల మీద చిలకపచ్చ పట్టుజెండాలు, కోట బురుజుల మీద పొద్దు పొడిస్తే చాలు తళతళలాడే బంగారు కలశాలు. ఆ కలశాల నీడలో రాజుగారి గురిబయలు ఉంది. ఆ ఊళ్ళో బాణాల పిచ్చి లేనివాడు లేడు. వర్తకుడు కొట్టు కట్టేసి విల్లు పట్టేవాడు, వైద్యుడు రోగిని కూర్చోబెట్టి గురి చూసుకోవడానికి పోయేవాడు. యుద్ధానికా అంటే కాదు, ఒట్టి సరదాకి. కానీ గురిబయల్లో కాలు పెడితే సుంకం, బొమ్మకు సుంకం, నీడన కూర్చుంటే దానికీ సుంకం. నెమలీకల బాణాలూ, వెండిపట్టీల విల్లులూ కొని ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టుకున్న మహానుభావులు ఎందరో ఉన్నారు.

మైలారుడు సైన్యానికి డేరాలు కుట్టేవాడు. పిచ్చి అందరిలాగే ఉంది, ఖర్చు మాత్రం లేదు. అతని దగ్గరున్నది ఒకే ఒక్క బాణం. వెదురుకాడ పెరట్లోది, ఈకలు కాకులు రాల్చినవి. ములికి ఇనుముతో చేయించకుండా, డేరా పీలికలు గట్టిగా చుట్టి కాడ కొసన గుడ్డముద్ద కట్టుకున్నాడు. గుచ్చుకుంటే కదా విరగడానికి! ఒక్కసారి వదిలేముందు ఉత్తినే పదేపదే అల్లెతాడు లాగి దించేవాడు. చెయ్యి కుదిరిందనిపించాకే వదిలేవాడు. వదిలాక నడిచివెళ్ళి తెచ్చుకునేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క బాణంతోనే ఆడి ఆడి, ఎగిరే తూనీగను కూడా తాకగలిగేవాడు. దాన్ని ఎక్కడా వదిలిపెట్టి ఎరగడు. ఒకసారి బురదగుంటలో పడితే నడుం లోతు దిగి తెచ్చుకున్నాడని ఊళ్ళో నవ్వుకునేవారు.

గద్దలకొండ మీద పాడుబడ్డ కోటలో ఎవరో ముసలితాత సుంకం లేని గురిబయలు నడుపుతున్నాడని వినగానే అతని మనసు అటు లాగింది. వచ్చి చూస్తే నిజమే. పెద్ద తలపాగా చుట్టుకున్న తాత, వరసలు వరసలుగా గడ్డిబొమ్మలు, వాటి ఎదుట ఇనుప ములుకులు మెరిసే కొత్త బాణాల కుప్ప. "తీసుకో నాయనా, ఊరికే ఇస్తున్నా" అనేవాడు తాత రోజూ. "వద్దు తాతా, చెయ్యి మారితే గురి చెడుతుంది" అనేవాడు మైలారుడు. ఆ మాటకు తాత నవ్వేవాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు. రోజూ ఎండ ముదరకముందే డేరాల పనికి దిగిపోయేవాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం అక్కడేం జరిగేదో మైలారుడు చూసి ఎరగడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "డబ్బు తగలేసేకంటే నాతో రారాదుట్రా" అని ఇవాళ బావమరిది దోనయ్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. మైలారుడి భార్య పోలమ్మ తల్లీతండ్రీ పోయాక తన చేతుల మీద పెంచిన తమ్ముడు వాడు. "వాడికి ముందూ వెనకా తెలీదు, ఒక కంట కనిపెట్టి ఉండు" అని ఇవాళ పొద్దున్న సద్ది కట్టి ఇస్తూ మరీ మరీ చెప్పింది. ఆ దోనయ్య ఇప్పుడు బయలు అవతలి కొసన, కుప్పలోంచి గుప్పిళ్ళకొద్దీ బాణాలు తీసి పొద్దున్నుంచీ ఆపకుండా కొడుతూనే ఉన్నాడు.

ఇదీ సంగతి. ఇక బొమ్మ దగ్గరికి రండి.

"మై...లా...రూ..."

గడ్డిలోంచి వచ్చిన మాట అది. ఎండుటాకులు నలిగినట్టు వినబడింది.

"భద్రన్నా! నువ్వేనా?" అంటూ మైలారుడు బొమ్మ వైపు వంగాడు.

"అరవకు. తల తిప్పకు. బాణం తుడుచుకుంటున్నట్టు నిలబడు. వాడు తాత కాదు, తమ్ముడూ. ఊర్ధ్వకేశుడు."

ఊర్ధ్వకేశుడి పేరు చెబితే శంఖపురిలో ఏడ్చే పిల్లలు నోరు మూస్తారు. మనుషుల ఆయుష్షు పీల్చుకు బతికే మాంత్రికుడు. తాతల కాలంలోనే సముద్రంలో ముంచి చంపేశారని అందరూ చెప్పుకునేవారు.

"వాడి కుప్పలోంచి బాణం తీసి వేసినవాడు, ఒంట్లో గడ్డి మొలవడం మొదలై, ఆ రోజు మధ్యాహ్నం గంట మోగగానే ఇదిగో, పూర్తిగా ఇలా అయిపోతాడు" అంది బొమ్మ. "ఇక అక్కణ్ణుంచి ఒంట్లో బాణం గుచ్చుకున్నప్పుడల్లా మన ఆయుష్షు కొంత వాడికి పోతుంది. నీది గుచ్చుకోలేదు కాబట్టి, తమ్ముడూ, నీ బాణం తగిలినప్పుడు నాకు నొప్పే లేదు. మిగతావాళ్ళవి..."

మాట ఆగిపోయింది. అప్పుడు వినబడింది మైలారుడికి. ఇన్నాళ్ళూ గడ్డి గలగల అనుకున్నది గలగల కాదు. దోనయ్య బాణం ఒక్కొక్కటి దిగినప్పుడల్లా అవతలి వరసలోని బొమ్మ సన్నగా మూలుగుతోంది. పక్క బొమ్మ ఏడుస్తోంది. బయలు బయలంతా మూలుగుతోంది. మైలారుడు చెవులు మూసుకోబోయి, తాత చూస్తాడేమోనని చెయ్యి దించేశాడు.

"దోనయ్య వేశాడన్నా! పొద్దున్నుంచీ వేస్తున్నాడు! ఏం చెయ్యను?"

"గంట మోగకూడదు. ఆ మంటపం ముందు రాతిస్తంభం చూశావా? దాని నీడ మొదట్లో ఇమిడిపోయి ఉన్న కాసేపట్లోనే గంట మోగాలి. నీడ తూర్పుకు తొంగిచూసిందంటే ఇవాళ్టికి మంత్రం చెల్లదు. పిల్లవాడు బతికిపోతాడు. పో, పో!"

మైలారుడు స్తంభం వైపు చూశాడు. నీడ ఇంకా జానెడు మిగిలి ఉంది. పరుగెత్తితే అనుమానం వస్తుందని గబగబా నడిచి దోనయ్యను చేరుకున్నాడు.

"ఒరేయ్, విల్లు కింద పెట్టు. ఇంటికి పోదాం పద."

"ఇప్పుడేం ఇల్లు బావా! చూడు, ఎలా దిగుతున్నాయో!"

"నీకు దణ్ణం పెడతానురా. మీ అక్క మీద ఒట్టు. ఇక ఒక్క బాణం వెయ్యకు."

దోనయ్య పకపకా నవ్వాడు. "కొనుక్కుంటే దుబారా అంటావు. ఊరికే ఇస్తుంటే వద్దంటావు. ఎదటివాడు సంతోషంగా ఉంటే చూడలేవా బావా నువ్వు?"

"నవ్వులాట కాదురా! నీ కాళ్ళు చూసుకో!"

దోనయ్య తల వంచాడు. చెప్పుల పట్టీల సందుల్లోంచి పసుప్పచ్చగా నాలుగు గడ్డిపరకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వంగి ఒక పరకను లాగాడు. "అబ్బా!" అని అరిచాడు. పరక కొసన రక్తం చుక్క ఉంది. వాడి మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది. కాలు ఎత్తబోయాడు, లేవలేదు. రెండో కాలూ లేవలేదు.

"బావా... కాళ్ళు రావట్లేదు బావా... అక్కను పిలు బావా..." అంటూ చిన్నపిల్లాడిలా ఏడుపు మొదలుపెట్టాడు.

"ఏమిటి నాయనలారా, తగువా?"

వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. తేనె పూసినట్టుంది. మైలారుడు గిరుక్కున తిరిగేసరికి తాత మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. అడుగుల చప్పుడే కాలేదు. అంత ఎండలోనూ ఆ మనిషికి నీడ లేదు. ఇన్నాళ్ళూ అది గమనించనందుకు మైలారుడు తనను తాను తిట్టుకున్నాడు.

"ఏదీ, నీ ముచ్చటైన బాణం ఓసారి చూడనీ" అంటూ తాత అతని చేతిలోంచి బాణం లాక్కున్నాడు. అటూ ఇటూ తిప్పి, పొరపాటున జారినట్టు కింద పడేసి, దాని మీద కాలు వేశాడు. కాడ నడిమికి పుటుక్కున విరిగింది. "అయ్యయ్యో, పాతదైపోయింది నాయనా! ఇంకేం చేస్తావు, ఇవాళైనా నా కుప్పలోంచి తీసుకో. ఒక్కటి వెయ్యి. ముసలాడి ముచ్చట తీర్చు."

మైలారుడికి ఆ విరిగిన చప్పుడు తన ఎముకల్లో వినబడింది. "తాతా, చేతులు వణుకుతున్నాయి. కాసేపు నీడన కూర్చుని వేస్తాను" అన్నాడు ఎలాగో. వణుకు మాత్రం అబద్ధం కాదు.

తాత స్తంభం వైపు చూశాడు. నీడ బెత్తెడుకు దిగింది. "కూర్చో, కూర్చో. ఈలోగా నేను గంట కొట్టొస్తాను" అని మంటపం వైపు బయల్దేరాడు. ఆ నడకలో ముసలితనం లేదు.

మైలారుడు విరిగిన ముక్కలు ఏరుకుని వీరభద్రోజు బొమ్మ వెనకాల చతికిలబడ్డాడు. డేరాలు కుట్టేవాడి దగ్గర దబ్బనం లేకుండా ఉంటుందా? తలగుడ్డలోంచి దబ్బనం లాగి, విరిగిన చోట కాడకు బద్దలా ఆనించాడు. మొలలోంచి మైనం రాసిన దారం ఉండ తీశాడు. దారం జారిపోతోంది. మళ్ళీ పట్టుకుని, పళ్ళతో బిగించి, చుట్టు మీద చుట్టు వేసి ముడి పెట్టాడు. పుటుక్కున దారం కొరికి, మిగిలిన ఉండను ఎప్పటి అలవాటు చొప్పున భద్రంగా మొలలో దోపుకున్నాడు.

"నీడ... ఇమిడిపోయింది తమ్ముడూ!" అని మూలిగింది బొమ్మ.

రాతిమంటపం మీద, రెండు తాటిచెట్ల ఎత్తున, మనిషి పట్టేంత గంట వేలాడుతోంది. దాని అంచు చుట్టూ నోళ్ళు తెరిచిన మకరాలు, మకరాల కళ్ళల్లో కెంపులు, కెంపుల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. గంట నాలుకకు కట్టిన మోకు కింద మాంత్రికుడి చేతుల్లో ఉంది. వాడు కాళ్ళు తన్నిపట్టి మోకును లాగాడు. నాలుక ఒక పక్కకు లేచింది. అటు లేచి ఇటు కొట్టడానికి మధ్య ఉన్న ఆ రెప్పపాటే మైలారుడికి మిగిలింది.

ఇనుప ములికి ఉన్న బాణమైతే తగలగానే గంట ఖంగున మోగేది. మైలారుడు లేచి, అల్లెతాడు చెవిదాకా లాగి, గుడ్డముద్ద బాణాన్ని వదిలాడు. అది రివ్వున పోయి గంట నోట్లో దూరింది. గుడ్డముద్ద నాలుకకూ అంచుకూ నడుమ చిక్కుకుంది. కాడ తోక అవతలి అంచుకు తన్నిపట్టుకుంది.

దబ్.

దిండును గుద్దినంత చప్పుడైంది, అంతే.

బయలంతా ఒక్కసారి మూలుగు ఆగిపోయింది. దోనయ్య కూడా ఏడుపు ఆపేశాడు. మాంత్రికుడు తల పైకెత్తి గంటను చూశాడు. తరవాత తల దించి మైలారుణ్ణి చూశాడు. చూస్తూ చూస్తూ తలపాగా పట్టుకుని ఊడలాగాడు. ఇన్నాళ్ళూ దానికింద అణిగి ఉన్న జుట్టు జువ్వున నిటారుగా లేచింది. అబ్బ, ఏం జుట్టది! నిప్పురంగులో, నిలువెత్తున, వెంట్రుక వెంట్రుక విడివిడిగా బుసకొడుతోంది. ముడతలుపడ్డ తాత మొహం పొట్టులా రాలిపోయి, లోపలినుంచి నున్నటి, నల్లటి, రెప్పల్లేని మొహం బయటపడింది.

"డేరాలు కుట్టేవాడా!" అని గర్జించాడు ఊర్ధ్వకేశుడు. "ఆ గుడ్డపేలిక నన్ను ఆపుతుందనుకున్నావుట్రా!"

వాడు మోకు పట్టుకుని గుంజాడు. కాడ కిర్రుమంది గానీ నాలుక కదల్లేదు. మళ్ళీ గుంజాడు. స్తంభం నీడ ఇంకా మొదట్లోనే ఇమిడి ఉంది. దోనయ్య తొడలదాకా గడ్డి పాకింది. "బావా, నన్నొదిలి పోకు బావా" అని చేతులు చాస్తున్నాడు. మైలారుడు వెళ్ళి ఆ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఎక్కడికీ పోనురా. ఆగుతుంది, ఇంకాసేపు ఆగితే చాలు" అన్నాడు. ఆ మాట వాడికి చెప్పాడో, తనకు చెప్పుకున్నాడో, గంటనోట్లో ఉన్న బాణానికే చెప్పాడో అతనికే తెలీదు.

మూడోసారి గుంజాడు మాంత్రికుడు. విరిగిన చోట కాడ కొద్దిగా వంగింది. ఎండలో దబ్బనం తళుక్కుమంది. మైనందారం ఒక చుట్టు ఊడి, కొస గాలిలో వేలాడింది.

మైలారుడి చెయ్యి దానంతటదే మొలకు పోయింది. దారం ఉండ వేళ్ళకు తగిలింది. పొదుపుగా కొరికి దాచుకున్న ఉండ! ఇంకో నాలుగు చుట్లు వేస్తే ఏం పోయేది? ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా దారం మిగుల్చుకున్నాడు. ఆ దారం ఇప్పుడు ఇక్కడుంది, ముడి అక్కడ ఊడుతోంది. భయంతో, సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది. పోలమ్మకు ఏమని చెప్పాలి? దారం దండగని నీ తమ్ముణ్ణి పోగొట్టుకున్నానని చెప్పాలా?

నాలుగోసారి గుంజాడు. రెండో చుట్టు ఊడింది.

నాలుకను ఇక ఆపలేడు. మిగిలింది మోకు ఒక్కటే. గుడ్డముద్ద మోకును తెంపదు, ఇనుప ములికి తెంపుతుంది. ఇనుప ములుకులు కుప్పగా అతని కాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాటిల్లో ఒకటి వేస్తే తనూ వాడి మంత్రానికి చిక్కినట్టే. గంట మోగిందా, దోనయ్యతో పాటు తనూ గడ్డి అయిపోతాడు. అలవాటులేని బాణం, వణికే చెయ్యి. గురి జానెడు పైకి పోయి గంటకే తగిలిందా, గంటను మోగించినవాడు తనే అవుతాడు.

మాంత్రికుడు అతని చూపు ఎక్కడుందో కనిపెట్టాడు. మోకు వదలకుండానే విరగబడి నవ్వాడు. "తీసుకో నాయనా, తీసుకో! ఊరికే ఇస్తున్నా!"

"వద్దు బావా!" అని కేక పెట్టాడు దోనయ్య. అప్పటికి గడ్డి వాడి నడుం దాటింది. "నువ్వన్నా ఇంటికి పో! అక్క ఒక్కతే అయిపోతుంది!"

మైలారుడు వాడి చేతులు విడిపించుకున్నాడు. మొలలోంచి దారం ఉండ తీసి నేలకేసి విసిరికొట్టాడు. వంగి, కుప్ప మీది బాణం ఒకటి అందుకున్నాడు. అది మంచులా చల్లగా ఉంది, పట్టుకోగానే వేలికొసన గడ్డిపరక ఒకటి చురుక్కుమని మొలిచింది.

పైన మూడో చుట్టు ఊడింది. మాంత్రికుడు మోకును రెండు చేతులకూ మెలివేసి వెనక్కి వాలాడు. మైలారుడు ఊపిరి బిగబట్టి, తన జన్మలో మొదటిసారిగా ఊరికే వచ్చిన బాణాన్ని అల్లెతాడుకు తొడిగాడు.